లేడీబగ్ టూల్స్ రివ్యూ: పడమర ఫేసింగ్ ఇంటికి ఎండ లెక్క వేసి చూశాక

ముందే చెప్పేస్తా, 5 కి 4 స్టార్లు. ఆ ఒక్క స్టార్ ఎందుకు కోశానో కింద వస్తుంది. ఇళ్ళ ప్లాన్లు గీయడం నా పని, హైదరాబాద్‌లోనే, ఎక్కువగా 150, 200 గజాల ప్లాట్లు. ఈ సాఫ్ట్‌వేర్ మీద నేను చూసిన వీడియోలన్నీ పెద్ద పెద్ద ఆఫీసు బిల్డింగులవే, మనం కట్టుకునే మామూలు ఇంటికి ఇది పనికొస్తుందా లేదా అని తెలుగులో నాకు ఎక్కడా దొరకలేదు, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నా, ఇల్లు కట్టే ప్లాన్‌లో ఉన్నవాళ్ళు ఓపిగ్గా చదవండి.

అసలు ఇదేంటంటే, రైనో అని 3డీ సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంది, దాన్లోనే గ్రాస్‌హాపర్ ఉంటుంది, చిన్న చిన్న డబ్బాల్ని వైర్లతో కలుపుకుంటూ పోవడమే, కోడ్ రాయక్కర్లేదు. ఆ గ్రాస్‌హాపర్‌లో ఎక్కించుకునే ప్లగిన్లు ఈ లేడీబగ్, హనీబీ. 2013 లో ముస్తఫా సదేగీపూర్ రౌద్సరీ మొదలుపెట్టాడు, ఓపెన్ సోర్స్, పైసా కట్టక్కర్లేదు. లేడీబగ్ ఎండ, గాలి, వాతావరణం లెక్కలు చూస్తుంది, హనీబీ మన మోడల్‌ని తీసుకెళ్ళి రేడియన్స్‌కి (వెలుతురు లెక్కలు), ఎనర్జీప్లస్‌కి (వేడి, ఏసీ కరెంటు లెక్కలు) అప్పజెప్తుంది. రేడియన్స్ అంటే అమెరికాలో లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్‌లో గ్రెగ్ వార్డ్ 1985 లో మొదలుపెట్టిన ప్రోగ్రాం. అది సూర్యుడి దగ్గర్నుంచి కిరణాల్ని వదలదు, మనం ఎక్కడ వెలుతురు కొలవాలో ఆ పాయింట్ నుంచి వెనక్కి వెతుక్కుంటూ పోయి, గోడకి తగిలి, స్లాబ్‌కి తగిలి, కిటికీలోంచి బయటపడి ఆకాశాన్నో ఎండనో పట్టుకుంటుంది. వెలుతురు లెక్కల్లో దీన్ని మించి నమ్మదగ్గది నేనైతే చూడలేదు.

ఇప్పుడు నేను వాడిన ఇంటి సంగతి. మా పెదనాన్న వాళ్ళ 200 గజాల ప్లాట్, 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల లోతు, పడమర రోడ్డు. దక్షిణం పక్కన ఆల్రెడీ జీ ప్లస్ టూ ఇల్లు లేచిపోయింది, మా సందు 4 అడుగులు, వాళ్ళ సందు 3, కలిపి 7 అడుగుల గ్యాప్. ఉత్తరం పక్క ప్లాట్ అప్పటికి ఖాళీ. వాస్తు ప్రకారం మాస్టర్ బెడ్రూం నైరుతిలో, అంటే సరిగ్గా రోడ్డు వైపు పడమటి ఎండకి ఎదురుగా. దాన్ని కదిపేది లేదని పెద్దమ్మ మొదటి రోజే చెప్పేసింది, నేనూ వాదించలేదు, గది అక్కడే ఉంచి కిటికీని సరిచేయొచ్చు కదా అనుకున్నా.

అంతకుముందే వాళ్ళు ఎలివేషన్లు చేసే ఒకళ్ళకి డబ్బులు కట్టి 3డీ బొమ్మలు తీయించారు, పైగా దాన్లో సన్ స్టడీ కూడా ఉందని ఇచ్చారు. హాల్లో ఉత్తరం కిటికీలోంచి ఎండ చారలు చారలుగా సోఫా మీద పడుతున్నట్టు ఎంతో బాగుంది, కింద డిసెంబర్ అని రాసుంది. హైదరాబాద్‌లో డిసెంబర్‌లో ఉత్తరం కిటికీలోంచి ఎండ రావడం జరగని పని. మనం ఉన్నది 17.4 డిగ్రీల అక్షాంశం మీద, డిసెంబర్ 21 మధ్యాహ్నం సూర్యుడు దక్షిణం వైపు 49 డిగ్రీల ఎత్తులో ఉంటాడు, మే 9 దగ్గర సరిగ్గా నెత్తి మీదకి వస్తాడు (ఆ రోజు మధ్యాహ్నం 12 దాటాక కాసేపు నీడే కనపడదు, మళ్ళీ ఆగస్టు 3 దగ్గర అంతే), ఆ మధ్యలో మూడు నెలలే మధ్యాహ్నం ఎండ ఉత్తరం వైపు నుంచి వచ్చేది. ఆ బొమ్మ చూసి హాల్లోకి ఎండ బాగా వస్తుందని పెదనాన్న నమ్మేశాడు, ఆ బొమ్మని బట్టి కిటికీలు కూడా ఫిక్స్ చేసేశారు. అందం కోసం వేసే లైటు వేరు, లెక్క వేరు అని జనానికి ఎవరైనా గట్టిగా చెప్పాలి.

సరే, నేను లేడీబగ్‌లో మొదలుపెట్టా. మొదట కావాల్సింది వెదర్ ఫైల్, ఈపీడబ్ల్యూ అంటారు, హైదరాబాద్‌ది ఉచితంగా దొరుకుతుంది, దాన్లో ఏడాదికి 8760 గంటలకీ గంట గంటకీ ఎండ ఎంత, మబ్బు ఎంత, వేడి ఎంత అని ఉంటుంది. ఇది ఏదో ఒక సంవత్సరం రికార్డు కాదు, చాలా ఏళ్ళ డేటాలోంచి మామూలుగా ఉన్న నెలల్ని ఏరి కలిపి కుట్టింది, కాబట్టి ఫలానా తారీఖున ఇంత ఎండ వస్తుందని దీన్నిబట్టి చెప్పకూడదు, ఏడాది మొత్తం మీద ఎలా ఉంటుందో చెప్పొచ్చు.

తర్వాత ఉత్తరం దిక్కు. మా ప్లాట్ సరిగ్గా దిక్కులకి లేదు, 12 డిగ్రీలు తిరిగి ఉంది. లేడీబగ్‌లో నార్త్ అని ఒక ఇన్‌పుట్ ఉంటుంది, అంకె ఇస్తే అది గడియారం ముల్లుకి వ్యతిరేకంగా తిరుగుతుంది, నేను ముల్లు తిరిగే వైపే అనుకుని ఇచ్చేశా, అంటే మొత్తం 24 డిగ్రీలు తప్పు. రెండు రోజులు ఆ లెక్కల మీదే పని చేశా. ఎలా దొరికిందంటే, ఒక సాయంత్రం సైట్‌కి వెళ్ళినప్పుడు గేటు ముందున్న కరెంటు స్తంభం నీడ నాలుగున్నరకి మా ప్లాట్‌లో ఎక్కడ పడుతుందో ఒక ఇటుక పెట్టి గుర్తు పెట్టుకున్నా, ఇంటికొచ్చి మోడల్‌లో అదే స్తంభం పెట్టి అదే తేదీ, అదే టైం ఇస్తే నీడ ఇంకెక్కడో పడింది. నార్త్ అంకె ముందు మైనస్ పెట్టగానే నీడ ఇటుక దగ్గరికి వచ్చి ఆగింది. అప్పట్నుంచి ప్రతి సైట్‌లో ఈ స్తంభం పరీక్ష చేయకుండా నేను ఒక్క అంకె కూడా నమ్మట్లేదు, మీరూ చేయండి, పది నిమిషాల పని.

ఇక పడమర కిటికీ. బెడ్రూంకి 5 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తు కిటికీ, పైన 2 అడుగుల సజ్జా. పెదనాన్న అన్నాడు, "ఏం బిడ్డా, ఎండ ఎటు నుంచి వస్తదో నాకు తెల్వదా, సజ్జా మూడు అడుగులు గుంజితే అయిపాయె." నేను ల్యాప్‌టాప్ ముందు కూర్చోబెట్టి మే 9 పెట్టి టైం స్లైడర్ జరుపుతూ చూపించా. సాయంత్రం 4 గంటలకి సూర్యుడు 36 డిగ్రీల ఎత్తులో ఉన్నాడు, 2 అడుగుల సజ్జా నీడ కిటికీ మీద అడుగున్నర దాకా దిగింది, కింద రెండున్నర అడుగులు ఎండే. 5 గంటలకి సూర్యుడు 22 డిగ్రీలకి దిగిపోయాడు, నీడ పది అంగుళాలు. సరే మూడు అడుగులు గుంజుదాం అని గుంజి చూపించా, 5 గంటలకి నీడ 15 అంగుళాలు, అంతే. పెదనాన్న కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత స్లైడర్ తనే పట్టుకుని ముందుకీ వెనక్కీ జరుపుకుంటూ కూర్చున్నాడు. నేను ఎన్ని మాటలు చెప్పినా జరగని పని అది.

పడమర కిటికీకి అడ్డంగా వేసే సజ్జా వల్ల ఏం కాదు, నిలువుగా ఎదురు నిలబడేది కావాలి, అదీ గ్లాస్‌కి బయట. లోపల కర్టెన్ వేస్తే సరిపోదా అని అందరూ అడుగుతారు, ఎండ ఒక్కసారి గ్లాస్ దాటి వచ్చి కర్టెన్‌కి తగిలిందంటే ఆ వేడిలో చాలా వరకు గదిలోనే ఉండిపోతుంది, ఏసీ దాన్ని మళ్ళీ బయటికి తోయాలి. మా కిటికీకి మే నెల సాయంత్రం లెక్క వేస్తే మామూలు గ్లాస్‌లోంచి దగ్గర దగ్గర ఒక కిలోవాట్ వేడి లోపలికి వస్తోంది, అంటే బెడ్రూంలో ఒక పక్క ఏసీ, ఇంకో పక్క చిన్న రూమ్ హీటర్ పెట్టినట్టే. మొదట మట్టి జాలీ గోడ పెడదామన్నా, పెద్దమ్మకి నచ్చలేదు, రోడ్డు కనపడదు, ఎవరొచ్చారో తెలియదు అంది, అదీ నిజమే. చివరికి బయట వైపు చుట్టి పైకెత్తే వెదురు తడక పెట్టాం, ఫిబ్రవరి నుంచి జూన్ దాకా మధ్యాహ్నం రెండింటికి దించుతారు, ఏడు గంటలకి ఎత్తుతారు. మోడల్‌లో తడకని 20 శాతం వెలుతురు వదిలే తెరలాగా పెట్టి చూశా, గది చీకటిగా ఏం లేదు. మా తాతగారింట్లో ఎండాకాలం వట్టివేళ్ళ తడకలు కట్టి నీళ్ళు చల్లేవాళ్ళు, ఆయన ఏ వెదర్ ఫైలూ చూడలేదు, కానీ తెరని గోడకి బయట కట్టాలని మాత్రం ఆయనకి బాగా తెలుసు.

నాకు అన్నిటికంటే ఆశ్చర్యం అనిపించింది దక్షిణం వైపు. మనం అలవాటుగా ప్రతి కిటికీకీ 2 అడుగుల సజ్జా గీసేస్తాం. దక్షిణానికి ఆ సజ్జా చాలా మంచిది, మార్చిలో మధ్యాహ్నం సూర్యుడు 72 డిగ్రీల మీద ఉంటాడు కాబట్టి 4 అడుగుల కిటికీ మొత్తం నీడలోనే ఉంటుంది, చలికాలం మాత్రం కింద కొంచెం ఎండ లోపలికి వస్తుంది. ఇదంతా పక్కన ఏమీ లేకపోతే. మా పక్కన 33 అడుగుల ఎత్తు గోడ 7 అడుగుల దూరంలో ఉంది. ఆ ఇంటిని కూడా ఒక డబ్బాలాగా మోడల్‌లో పెట్టి డైరెక్ట్ సన్ అవర్స్ (నేరుగా ఎండ ఎన్ని గంటలు పడుతుందో చూసే లెక్క) నడిపితే, కింద ఫ్లోర్‌లో దక్షిణం కిటికీల మీద డిసెంబర్ ఎండ దాదాపు సున్నా. అంటే ఆ సజ్జా ఆపడానికి అక్కడ ఎండే లేదు, పైనుంచి సందులోకి దిగే కాస్త ఆకాశం వెలుతురునే అది మింగేస్తోంది! కింద ఫ్లోర్ వరకు సజ్జా 9 అంగుళాలకి తగ్గించేశాం, వాన జల్లు కోసం ఆ మాత్రం చాలు. మేస్త్రీ మూడు సార్లు ఫోన్ చేసి అడిగాడు, "మేడం, డ్రాయింగ్‌లో తప్పు పడిందేమో" అని. తప్పు కాదు, ఒక్క ఇంట్లో ఒక్కో కిటికీకి ఒక్కో సజ్జా ఉండాలి, అన్నిటికీ ఒకే కొలత వేయడమే మన తప్పు.

మధ్యలో హాలు, డైనింగ్ సంగతి మీకూ తెలిసే ఉంటుంది, 60 అడుగుల లోతు ప్లాట్‌లో మధ్య గదులు పట్టపగలు కూడా ట్యూబ్‌లైట్ మీదే బతుకుతాయి. పాత ప్లాన్‌లో 4 బై 4 అడుగుల డక్ట్ ఇచ్చారు, అంటే గాలి వెలుతురు కోసం కింద నుంచి పైదాకా ఖాళీగా వదిలే చోటు. హనీబీలో ఏడాది మొత్తానికి డేలైట్ నడిపా, ఇది ఆకాశాన్ని ముక్కలు ముక్కలుగా చేసి ప్రతి ముక్క నుంచి మన గదిలోకి ఎంత వస్తుందో లెక్కేసి, దాన్ని ఆ 8760 గంటల ఆకాశంతో గుణించుకుంటూ పోతుంది. పగటి గంటల్లో సగం గంటలైనా వెలుతురు 300 లక్స్ (వెలుతురుని కొలిచే యూనిట్) దాటే చోటు, మా హాలు డైనింగ్ కలిపి చూస్తే 8 శాతమే. డక్ట్‌ని 7 బై 6 చేసి, లోపలి గోడలకి తెల్ల రంగు ఇచ్చి, డైనింగ్ వైపు గోడ తీసేసి కింద నుంచి పైదాకా కిటికీ పెడితే 38 కి వచ్చింది. 42 చదరపు అడుగులు పోతున్నాయని పెదనాన్న గింజుకున్నాడు కానీ ఒప్పుకున్నాడు.

ఇక్కడ ఒక టెక్నికల్ ముక్క, వాడేవాళ్ళకి. డక్ట్ ఉన్న మోడల్‌లో కాంతి ఎన్నిసార్లు గోడకి తగిలి తిరగాలో చెప్పే యాంబియంట్ బౌన్సెస్ అంకె 2 దగ్గర వదిలేస్తే కింద ఫ్లోర్ నల్లగా వస్తుంది, డక్ట్ పనికిరాదని అనుకుంటారు. 6, 7 కి పెంచండి. నా 16 జీబీ ల్యాప్‌టాప్‌లో అప్పుడు అరగంట పైన పట్టింది, పట్టనివ్వండి. అలాగే హనీబీ తనంతట తను ఇచ్చే మెటీరియల్స్‌లో ఫ్లోర్ 20 శాతం, గోడ 50, సీలింగ్ 80 శాతం వెలుతురు తిప్పి కొడతాయని ఉంటుంది, గ్లాస్ 64 శాతం వదులుతుందని ఉంటుంది. మన ఇళ్ళల్లో తెల్ల విట్రిఫైడ్ టైల్ వేస్తే ఫ్లోర్ ఇంకా చాలా ఎక్కువ, నల్ల గ్రానైట్ వేస్తే ఇంకా తక్కువ. ఒక్క టైల్ మారిస్తేనే డైనింగ్‌లో తేడా కంటికి కనపడేంత వచ్చింది. డీఫాల్ట్‌లు అలాగే వదిలేసి రంగు రంగుల మ్యాప్ ప్రింట్ తీసి క్లయింట్‌కి ఇచ్చేవాళ్ళున్నారు, అది ఎవరింటి మ్యాపో దేవుడికే తెలియాలి.

గ్లాస్ దగ్గర కూడా గొడవే. షాపువాళ్ళు బ్రౌన్ రిఫ్లెక్టివ్ గ్లాస్ చూపించి వేడి ఆపుతుంది, బయటికి కనపడదు అన్నారు. ఆ గ్లాస్ వెలుతురు 20 శాతమే వదులుతుంది. మన దేశంలో ఇళ్ళకి ఎకో నివాస్ సంహిత అని 2018 లో కోడ్ వచ్చింది, దాని ప్రకారం గోడలో కిటికీల వాటా 30 శాతం లోపుంటే గ్లాస్ కనీసం 27 శాతం వెలుతురు వదలాలి, హైదరాబాద్ లాంటి కాంపోజిట్ (వేడి, చలి, ఉక్కపోత కలిసిన) వాతావరణంలో బయటికి తెరుచుకునే కిటికీలు, తలుపులు కలిపి ఇంటి కార్పెట్ ఏరియాలో కనీసం 12.5 శాతం ఉండాలి, వైజాగ్ లాంటి ఉక్కపోత ఊళ్ళల్లో అయితే 16.66. ఆ 2018 కోడ్‌ని 500 చదరపు మీటర్లు, ఆ పైన ప్లాట్లకే పెట్టారు, మా 200 గజాలు అంటే 167 చదరపు మీటర్లే, చట్టప్రకారం ఎవరూ అడగరు. అయినా ఆ అంకెలు మంచి కొలబద్ద, నేను పాటిస్తున్నా. బ్రౌన్ గ్లాస్‌తో హాలు లెక్క వేస్తే డక్ట్ పెంచి సంపాదించిందంతా పోయింది, అది చూపించాక క్లియర్ గ్లాసే వేశారు.

ఇల్లు పూర్తయ్యాక లక్స్ మీటర్ పట్టుకెళ్ళా. ఒక మబ్బు రోజు, డైనింగ్ టేబుల్ మీద, అదే టైంకి మోడల్‌లో కూడా మబ్బు ఆకాశం పెట్టి చూస్తే 170 రావాలి, మీటర్‌లో 115 చూపించింది. చాలాసేపు అర్థం కాలేదు. తర్వాత పెద్దమ్మ దోమల మెష్ తలుపు జరపగానే మీటర్ 160 కి ఎగిరింది. దోమల మెష్ నేను మోడల్‌లో పెట్టనే లేదు! మన ఇళ్ళల్లో మెష్ లేని కిటికీ ఎక్కడుంది, ఏడాదంతా ఉంటుంది, పైగా దుమ్ము పట్టి ఉంటుంది. ఇప్పుడు ప్రతి మోడల్‌లో గ్లాస్ అంకెని మెష్‌తో కలిపి మూడో వంతు తగ్గించి ఇస్తున్నా. మీరు మీ ఆర్కిటెక్ట్‌ని ఒక్క ప్రశ్న అడగాలంటే ఇదే అడగండి, మెష్ లెక్కలో పెట్టారా అని.

కరెంటు బిల్లు సంగతి నిజాయితీగా చెప్పాలి. పగలు లైట్లు ఆపితే చాలా మిగులుతుందని చాలామంది ప్రచారం చేస్తారు, ఇంట్లో అంత ఉండదు. 20 వాట్ల ఎల్‌ఈడీ ట్యూబ్‌లు మూడు, రోజుకి 8 గంటలు ఆపితే నెలకి 14 యూనిట్లు. ఇంట్లో అసలు ఆదా ఆ పడమర తడక దగ్గర, ఏసీలో. పగలంతా వందల లైట్లు వెలిగే ఆఫీసుల్లో మాత్రం వెలుతురు లెక్క వేరే స్థాయిలో ఉంటుంది. ఎప్పుడైనా వీలైతే హైటెక్ సిటీ దగ్గర సీఐఐ సొహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ చూడండి, 2004 లో కలాం గారు ప్రారంభించారు, మధ్యలో ముంగిలి, జాలీ గోడలు, ఎండ రాకుండా వెలుతురు వచ్చేట్టు ఎంత శ్రద్ధగా చేశారో లోపల నిలబడితే తెలుస్తుంది.

ఇక ఆ కోసిన స్టార్. ప్లగిన్ ఉచితం కానీ రైనో కొనాలి, 90 రోజులు ట్రయల్ ఉంటుంది, ఒక్క ఇంటికైతే ఆ 90 రోజులు చాలు, వృత్తిగా చేయాలంటే డబ్బులు పెట్టాలి. నేర్చుకోవడానికి టైం పడుతుంది, నాకు మూడు నెలలు పట్టింది, ఒక వైర్ తప్పు చోట పెట్టినా ఎర్రర్ రాకుండా ఏదో ఒక రంగు మ్యాప్ వచ్చేస్తుంది, అదే ప్రమాదం. చిన్న ఊళ్ళకి వెదర్ ఫైల్ దొరక్కపోతే దగ్గర్లో ఉన్న పెద్ద ఊరిది వాడుకోవాలి. అంత వద్దు, ఊరికే ఎండ ఎటు వస్తుందో చూస్తే చాలనుకునేవాళ్ళకి ఆండ్రూ మార్ష్ సైట్‌లో సన్ పాత్ యాప్ ఉంది, బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది, ఉచితం, ప్లాట్ కొనేముందు అది చూసినా చాలు.

ఇంకోటి మర్చిపోయా. ఉత్తరం ప్లాట్ ఖాళీ అన్నా కదా, నేను మోడల్ రెండుసార్లు నడిపా, ఒకసారి ఖాళీగా, ఒకసారి అక్కడ కూడా జీ ప్లస్ టూ లేచినట్టు. హైదరాబాద్‌లో ఖాళీ ప్లాట్ ఎన్నాళ్ళు ఖాళీగా ఉంటుంది? రెండోదాన్ని నమ్ముకుని డక్ట్ సైజు పెట్టాం. మొన్న దసరాకి వెళ్తే ఆ ప్లాట్‌లో పిల్లర్లు లేచాయి, రెండో స్లాబ్‌కి సెంట్రింగ్ కొడుతున్నారు. డైనింగ్‌లో లైట్ వేయకుండానే పెద్దమ్మ బియ్యం ఏరుకుంటూ కూర్చుంది. పెదనాన్న పైన ఇంకో ఫ్లోర్ వేద్దామంటున్నాడు, డక్ట్ పైన వాటర్ ట్యాంక్ నీడ ఎటు పడుతుందో ముందు చూసి చెప్పమన్నాడు, ఈ ఆదివారం ఆ పని మీదే కూర్చుంటా.